నవ్వొస్తే కొలవొద్దు

భూమి చుట్టుకొలత కొలిచినవాళ్ళున్నారు, చంద్రుడు ఎంత దూరంలో ఉన్నాడో లెక్కగట్టినవాళ్ళున్నారు. కానీ మనిషి రాసిన మాట ఏ పార్టీ వైపు ఎంత ఒరిగిందో దర్జీ టేపు పెట్టి అంగుళాల్లో తేల్చిన మనిషి ముల్లోకాల్లోనూ ఒక్కతే. ఆవిడ మా అమ్మమ్మ. ఇప్పుడు పెద్ద చదువులవాళ్ళు కంప్యూటర్లు పెట్టి అదే పని చేస్తున్నారని విన్నాను. చెయ్యనివ్వండి పాపం. మా అమ్మమ్మ నవ్విన నవ్వులు ఆ కంప్యూటర్లు నవ్వగలవా?

అప్పటికి ఆవిడ ఎవరికీ అమ్మమ్మ కాదు. ముప్పై నిండని మనిషి. భర్త బస్సు డ్రైవరు. ఒక్కతే కూతురు, ఆ పిల్లే తర్వాత్తర్వాత మా అమ్మ అయింది. ఊళ్ళో రెండు దినపత్రికలుండేవి. వాటిలో పాతదాని ఆఫీసులో, మూడో అంతస్తులో ఉన్న కత్తిరింపుల గది అమ్మమ్మది. అమ్మమ్మది అంటే ఆస్తి అనుకునేరు. గది యజమానిదే, ఈవిడది నెల జీతం. కాకపోతే అందులో ఏ కాగితం ఎక్కడుందో యజమానికే కాదు, ఆయన ముత్తాత దిగివచ్చినా తెలిసేది కాదు కాబట్టి, అమ్మమ్మదే.

గది రైలుపెట్టెలా పొడుగ్గా ఉండేది. ఒక గోడ నిండా చెక్క సొరుగులు, ప్రతి సొరుగుకీ ఇత్తడి పిడి, పిడి కింద అమ్మమ్మ చేతిరాతతో చీటీ. వరదలు, వంతెనలు, సమ్మెలు, దొంగనోట్లు, చనిపోయినవాళ్ళు, ఇంకా చనిపోనివాళ్ళు. ఆఖరిది వేళాకోళం కాదు. పెద్దమనుషులు పోయినప్పుడు పరుగులు పెట్టకుండా వాళ్ళ మీద ముందే రాసిపెట్టుకున్న వ్యాసాలు అందులో ఉండేవి. బతికున్న పెద్దమనిషి ఎవరైనా గదిలోకి వస్తే అమ్మమ్మ ముందుగా ఆ సొరుగుకి అడ్డంగా నిలబడేది. మధ్యాహ్నం పూట కింద మిషను మీద ఆదివారం అనుబంధం అచ్చవుతుంటే నేల సన్నగా వణికి, ఇత్తడి పిడులన్నీ ఒక్కసారే గలగలలాడేవి. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉందంటుంది. మేం పక్కనుంచి గొంతు చించుకుని పిలిస్తే మాత్రం వినపడదు.

పని చూడటానికి తేలిక. పొద్దున్నే పత్రిక రెండు కాపీలు తీసుకోవాలి. ఒక్కటి చాలదు, ఇటువైపు వార్త కత్తిరిస్తే అటువైపు వార్తకి తల తెగుతుంది. కత్తిరించినవాటిని మైదా ఉడికించిన జిగురుతో తెల్లకాగితాల మీద అతికించాలి. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వెయ్యాలి. తేదీ వెయ్యాలి, సొరుగులో పెట్టాలి. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవడో వచ్చి, వంతెన కూలినప్పుడు మంత్రి ఏమన్నాడు అని అడిగితే రెండు నిమిషాల్లో ఆ మంత్రి పరువు తీసి చేతిలో పెట్టాలి.

వారంలో అమ్మమ్మకి ప్రాణం లేచొచ్చే రోజు సోమవారం. ఆ రోజు నాలుగో పేజీలో వకీలుగారి కాలమ్ వచ్చేది. ఆయన కోర్టులో నల్లకోటు విప్పేసి చాలా కాలమైంది గానీ అందరూ వకీలనే అనేవాళ్ళు. ప్రతి వ్యాసమూ "మా పక్కింటాయన" అనే మొదలుపెట్టేవాడు. ఆ పక్కింటాయన అమాయకుడు, అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేసేవాడు, ఆ ప్రశ్నలకి ప్రభుత్వాలు నీళ్ళు నమిలేవి. అమ్మమ్మ ఆఫీసుకి బయల్దేరే ముందు ఆ వ్యాసాన్ని ఇంట్లో పైకి చదివేది. తాతయ్య కిటికీకి అద్దం తగిలించుకుని గెడ్డం గీసుకుంటూ వినేవాడు. నవ్వు ఆపుకోలేక గాటు పెట్టుకునేవాడు. సోమవారం తాతయ్య గెడ్డం చూసి, ఇవాళ వకీలు బాగా రాసినట్టున్నాడని డిపోలో వాళ్ళు చెప్పుకునేవాళ్ళట. రెండు గాట్లుంటే అందరూ పత్రిక కోసం ఎగబడేవాళ్ళట.

గురువారం వచ్చేది మాస్టారి కాలమ్. బడిపంతులుగా చేసి మానేసిన మనిషి. ఆయన వ్యాసం చదువుతుంటే తాతయ్య గెడ్డం క్షేమంగా ఉండేది, ఎందుకంటే మధ్యలోనే నిద్రొచ్చేది. కానీ రాయబోయే ముందు ప్రతిసారీ మూడంతస్తులూ ఎక్కివచ్చి, తేదీలు సరిచూసుకుని, తీసుకున్న కత్తిరింపుల్ని మడత పడకుండా తిరిగి ఇచ్చేది మాస్టారొక్కడే. వకీలుగారు పైకి వచ్చిన పాపాన పోలేదు. పక్కింటాయనకి తేదీలతో పనేముంది?

ఇలా ఉండగా ఎన్నికలొచ్చాయి. గంట గుర్తు పార్టీ, నిచ్చెన గుర్తు పార్టీ. ఒకరోజు పొద్దున గంట వాళ్ళు వచ్చి ఎడిటరుగారి బల్ల మీద నాలుగో పేజీ పరిచి, మీరు నిచ్చెనకి అమ్ముడుపోయారని తిట్టిపోశారు. సాయంత్రం నిచ్చెన వాళ్ళు వచ్చి అదే పేజీ పరిచి, మీరు గంటకి అమ్ముడుపోయారని తిట్టారు. ఎడిటరుగారు నెమ్మదస్తుడు. రెండు జట్లకీ టీ ఇప్పించి పంపించి, మర్నాడు కత్తిరింపుల గదికి వచ్చాడు. ఎవరి మాట నిజమో తేల్చమన్నాడు. నాలుగో పేజీలో రాసేవాళ్ళందరివీ పన్నెండు వారాల పాటు కొలవాలి. సగటున అయిదంగుళాలు దాటి ఎవరు ఒక పార్టీ వైపు మొగ్గితే వాళ్ళ కాలమ్ ఆపేస్తాడు. మాట అంటే మాట.

కొలత పద్ధతి అంతా అమ్మమ్మదే. ముందు వ్యాసం కత్తిరించి, రాసినవాళ్ళ పేరు మీద గోధుమరంగు కాగితం ముక్క అతికించేది. దాన్ని ముగ్గురు విడివిడిగా చదవాలి. గంటకి మేలు చేసే వాక్యం, లేదా నిచ్చెనకి చురక పెట్టే వాక్యం కనిపిస్తే పక్కన నీలం గీత. దానికి వ్యతిరేకంగా ఉంటే ఎర్ర గీత. ఎటూ కానిదాన్ని తెల్లగా వదిలెయ్యాలి. తర్వాత నీలం ఎంత పొడుగు, ఎరుపు ఎంత పొడుగు అని టేపు పెట్టి చూసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే మిగిలింది మొగ్గు. వ్యాసం నిలువునా ఇరవై అంగుళాలుండేది. చెక్క స్కేలు కంపోజింగు వాళ్ళు అప్పు ఇవ్వరు. అందుకని ఇంట్లో బట్టలు కుట్టుకునే టేపే తెచ్చింది. దాని మొదటి అంగుళం అరిగి అంకెలు పోయాయి. ఒకటి దగ్గర మొదలుపెట్టి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేసేది.

చదివే ముగ్గుర్నీ ఏరింది కూడా ఆవిడే. ఒకరు ప్రూఫులు దిద్దే బాబాయి, మూడు తరాలుగా గంట పార్టీ. ఇంకొకరు క్యాంటీన్లో టీ కాచే అక్క, ఆవిడ తమ్ముడు నిచ్చెన జెండా మోస్తూ వీధులు తిరిగేవాడు. మూడోది అమ్మమ్మ. ఆవిడది ఏ పార్టీ అని అడిగితే, ధరలు తగ్గిస్తామని చెప్పి నిజంగా తగ్గించే పార్టీ ఎప్పుడు పుడితే అప్పుడు చేరతాననేది. బాబాయి అటు లాగితే అక్క ఇటు లాగుతుంది, ఇద్దరిదీ చెల్లుకు చెల్లు. ఇక తేల్చేది అమ్మమ్మ పెన్సిలే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

రెండో వారం ఒక కత్తిరింపు ముందు పెట్టుకున్నారు. "మా పక్కింటాయన" అని మొదలైంది. మనిషికి ముసుగేస్తే గొంతు దాగుతుందా? కాగితం ముక్క కింద ఎవరున్నారో ముగ్గురికీ తెలిసిపోయింది, తెలియనట్టు ముగ్గురూ తల వంచుకుని చదివారు. అందులో పక్కింటాయన నిచ్చెన వాళ్ళ సభకి వెళ్ళొచ్చి అంటాడు, "నిచ్చెన బాగానే తెచ్చుకున్నారండీ, గోడ మర్చిపోయి వచ్చారు" అని. బాబాయి కళ్ళద్దాలు ఊడిపడేలా నవ్వాడు. అమ్మమ్మ పెన్సిలు పక్కన పెట్టేసి నవ్వింది. నవ్వు తగ్గాక బాబాయి, దీనికి ఏ రంగు వెయ్యమంటావమ్మాయ్ అన్నాడు. అమ్మమ్మ అంది:

"జోకుని కొలుస్తామా బాబాయ్? నవ్వొస్తే కొలవొద్దు. అంతే."

అలా ఆ రూలు పుట్టింది. టీ అక్క పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్ళింది.

పన్నెండు వారాలూ గడిచాయి. సగటు లెక్క చూస్తే వకీలుగారిది నాలుగంగుళాల నీలం, రెండంగుళాల ఎరుపు, మిగతాదంతా పాలలా తెలుపు. మొగ్గు రెండంగుళాలు. నాలుగో పేజీలో అందరికంటే నిటారుగా నిలబడ్డ మనిషి వకీలుగారే. మాస్టారిది ఎరుపు పన్నెండు, నీలం ఒకటి. మొగ్గు పదకొండు. ఆయన గంట వాళ్ళని తిడితే ముసుగులో తిట్టడు మరి. తిడుతున్నానని చెప్పి, ఎందుకు తిడుతున్నాడో మూడు కారణాలు చెప్పి, తేదీలు వేసి తిడతాడు. ఎడిటరుగారు మాట ప్రకారం మాస్టారి కాలమ్ ఆపేశాడు.

ఆ గురువారం పొద్దున మాస్టారు మళ్ళీ మూడంతస్తులూ ఎక్కివచ్చాడు. దగ్గరున్న పాత కత్తిరింపులు నాలుగు తిరిగి ఇచ్చాడు. అమ్మమ్మ ఆయన మొహంలోకి చూడలేక సొరుగులు సర్దుతూ నిలబడింది. తిడతాడేమో, తిడితే బాగుండు అనుకుంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కొలిచారట కదమ్మా. ఎక్కడెక్కడ ఎక్కువైందో ఒకసారి చూపిస్తారా? దిద్దుకుంటాను."

అమ్మమ్మ ఆ పన్నెండు కాగితాలూ తీసి ముందు పెట్టింది. ఆయన ఒక్కో ఎర్రగీత దగ్గరా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. ఒకచోట మాత్రం, ఇది నిజం కదమ్మా, నిజానికి కూడా రంగు వేస్తారా అని అడిగాడు. అమ్మమ్మ నిజమైనా సరే ఒక వైపుకే పనికొస్తే వేస్తామండి అంది. ఆయన అవునవునని తల ఊపాడు. గంటసేపు కూర్చుని, ఈమధ్య నాకు కోపం ఎక్కువైన మాట వాస్తవమే అని, మెట్లు ఒక్కొక్కటీ దిగి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, గురువారాలు ఏం చెయ్యాలో తోచడం లేదు, అలవాటు కదా అన్నాడు.

అమ్మమ్మ ఆ రోజు భోజనం డబ్బా మూత తియ్యలేదు. టీ అక్క వచ్చి చూసి అడిగింది. అమ్మమ్మ మాట మళ్ళించడానికి ఆ వారం వకీలు జోకు ఎత్తుకుంది. చెప్తూ చెప్తూ, అక్క మొహం చూసి ఆగింది. పన్నెండు వారాలూ కళ్ళముందే ఉన్న సంగతి అప్పుడు కనిపించింది. ముగ్గురు కూర్చుని చదివితే ఎప్పుడూ ఇద్దరే నవ్వారు. మూడో మనిషికి ఎప్పుడూ పొయ్యి మీద పాలుండేవి.

"నీకు నవ్వు రాదా అక్కా?"

"ఎందుకొస్తుంది చెల్లీ? మా తమ్ముడు ఆ జెండా పట్టుకుని ఎండలో తిరుగుతాడు. సోమవారం పొద్దున ఆయన ఏదో అంటాడు, సాయంత్రానికి వీధిలో ప్రతివాడూ వాణ్ణి ఆపి అదే మాట అంటాడు. గోడేదిరా, గోడేదిరా అని."

"మరి నువ్వు కొలవచ్చు కదా. నవ్వొస్తేనే కదా వద్దంది."

"మీరిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నేనొక్కదాన్నే పెన్సిలు పట్టుకుంటే ఎలా ఉంటుంది చెప్పు? ఇది జోకని కూడా తెలియని మొద్దు అనుకోరూ?"

అమ్మమ్మ ఆ మధ్యాహ్నమే వకీలుగారి పన్నెండు వ్యాసాలూ మళ్ళీ తీసింది. ఈసారి జోకులకి కూడా రంగు వేసింది. గంట మీద వేసిన జోకు ఒక్కటి దొరుకుతుందేమోనని సొరుగులోంచి పాత ఏడాదివి కూడా తీసి వెతికింది. దొరకలేదు. పాలలాంటి తెలుపు చాలావరకు నీలంగా మారింది. టేపు పెట్టింది. ఒకటి తీసేసింది. పదకొండున్నర వచ్చింది. మళ్ళీ కొలిచింది. మళ్ళీ పదకొండున్నరే. మాస్టారికంటే అరంగుళం ఎక్కువ.

కింద మిషను మొదలై పిడులు గలగలలాడుతుంటే ఆవిడ ఆ కాగితాలు ముందేసుకుని చాలాసేపు కూర్చుంది. గంట పార్టీ అంటే ఆవిడకి ప్రేమేమీ లేదు. కానీ సోమవారం అంటే ఉంది. కిటికీ దగ్గర గెడ్డం గీసుకునే మనిషి మీద, ఆ గాట్ల మీద ఉంది. రూలు పెట్టిన రోజు కాగితం ముక్క కింద ఎవరున్నారో తెలిసే పెట్టింది. ఇప్పుడు ఈ కాగితాలు సొరుగులో పడేసి తాళం వేస్తే అడిగేవాడు లేడు, సోమవారాలు సోమవారాల్లాగే ఉంటాయి. గురువారాలు మాత్రం ఉండవు, అవి తనవి కావు కూడాను. ఎడిటరుగారి దగ్గరికి తీసుకెళ్తే వకీలు పోతాడు.

తీసుకెళ్ళింది. ఎడిటరుగారు కాగితాలు తిరగేసి, ఒకచోట ఆగి, జోకు చదివి నవ్వి, నవ్వినందుకు తనే ఇబ్బంది పడి దగ్గాడు.

"నవ్వుని కూడా కొలవాలంటారా అమ్మా?"

"ఎప్పుడూ ఒకర్ని చూసే నవ్వుతుంటే కొలవాలండి."

"ఈయన్ని ఆపితే సోమవారం పత్రిక ఎవరు కొంటారు?"

"నేనైతే కొననండి. కానీ మాస్టార్ని ఆపిన టేపే ఇది. తప్పంతా నాది, కొలవొద్దన్నది నేనే."

ఎడిటరుగారు రెండు రోజులు ఆలోచించాడు. చివరికి ఎవర్నీ ఆపనన్నాడు. ఇద్దరూ రాయొచ్చు, కానీ ప్రతి వ్యాసం అడుగునా చిన్న అక్షరాలతో మొగ్గు ఎంతో అచ్చువేస్తారు. చదివేవాళ్ళే చూసుకుంటారు. మాస్టారు ఒప్పుకున్నాడు. "ఎరుపు, పదకొండు" అని తన పేరు కింద చూసుకుని, పైవారానికి తొమ్మిది చేస్తానని అమ్మమ్మతో పందెం కట్టాడు కూడా.

వకీలుగారు మొట్టమొదటిసారి మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, రాతలో ఉన్నంత హుషారు మనిషిలో లేకుండా ఉన్నాడట. అమ్మమ్మ అలవాటుగా వెళ్ళి ఇంకా చనిపోనివాళ్ళ సొరుగుకి అడ్డంగా నిలబడింది.

"కొలిచింది మీరేనా?"

"నేనేనండి."

"చదివినప్పుడు నవ్వొచ్చిందా?"

"ప్రతి వారం వచ్చిందండి. అందుకే మొదటిసారి తప్పు కొలిచాను."

ఆయన అక్కడున్న టేపు తీసి అరిగిన అంగుళం చూశాడు. తర్వాత, జోకు చెప్పి దాని అడుగున ఇది ఇన్నంగుళాలు అని రాస్తే ఇక దాన్ని చూసి ఎవడు నవ్వుతాడమ్మా అన్నాడు. ఆ ప్రశ్నని అమ్మమ్మ ఇప్పటికీ మమ్మల్ని అడుగుతుంటుంది. ఆయన కోప్పడలేదు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా రెండో పత్రికలో, సోమవారం, నాలుగో పేజీలోనే, పక్కింటాయన మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు. అక్కడ టేపు పెట్టేవాళ్ళెవరూ లేరు.

ఇక ఇంట్లో సోమవారాలు చప్పబడ్డాయి. తాతయ్య గెడ్డం నున్నగా మెరుస్తుంటే, ఏమయ్యా, మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని డిపోలో అడిగారట. రెండో పత్రిక ఇంటికి తేవద్దని అమ్మమ్మ ఒట్టు పెట్టింది, అన్నం పెట్టే పత్రికకి ద్రోహం అని. తాతయ్య ఒట్టు తప్పలేదు. డిపోలోనే నిలబడి చదివి, సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేవాడు. అమ్మమ్మ తువ్వాలు అందిస్తూ, తనకేమీ పట్టనట్టు ఎటో చూస్తూ అడిగేదట, ఇంతకీ పక్కింటాయన ఏమన్నాడు అని. తాతయ్య చెప్పేవాడు. జోకు సగంలో మర్చిపోయేవాడు, చివర ముందు చెప్పేసేవాడు. అయినా ఇద్దరూ గుమ్మంలో నిలబడి నవ్వేవాళ్ళట. చిన్నప్పుడు తనకి గుర్తున్న సోమవారాలు అవేనంటుంది మా అమ్మ. తువ్వాలు, తడి కాళ్ళు, అటూ ఇటూ అయిన జోకు.

మాస్టారు తర్వాత ఎనిమిదేళ్ళు రాశాడు. పందెం ప్రకారం తొమ్మిదికి దిగాడు, ఏడుకి దిగాడు, ఒక ఏడాది నాలుగుకి కూడా దిగాడు. కొలిచే బాధ్యత ఉంది కాబట్టి అమ్మమ్మ ఆ ఎనిమిదేళ్ళూ ప్రతి గురువారం మాస్టార్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివింది. టీ అక్క కూడా చదివింది. ఈసారి పొయ్యి మీద పాలు పెట్టకుండా, కూర్చుని.

ఇదంతా రాసి మొన్న అమ్మమ్మకి చెవి దగ్గర గట్టిగా చదివి వినిపించాను. మంచం మీద పడుకుని, కళ్ళు మూసుకుని, నిద్రపోయిందేమో అనుకునేలా విన్నది. అయిపోయాక ఒక్క సందేహం మిగిలిందని అడిగాను. అంత ప్రాణమైన సోమవారాల్ని వదులుకున్నావు కదా, ఆ మాస్టారు చివరికైనా బాగా రాశాడా అని.

"చచ్చేంత విసుగ్గా రాశాడు. విసుగు కొలవమని నన్నెవరూ అడగలేదురా."